రెండు దినములకు పదివేల మైళ్ళు

యాత్రకు దూర మెంతయో వ్యవధియు నంతకు తగినట్లుండవలెనని మన పెద్దలు శాసనము వ్రాసిపెట్టలేదు. వ్రాయవలసిన యవసరము లేకపోయినది. కాలినడక, ఎడ్లబండి, పడవ, పొగయోడ, ఇవి యా నియమమును తమంతట తామే అమలు జరుపుచుండెను. దూరము పోయినవాడు చిరకాలము నిలిచెడివాడు; నిలువ వీలులేనివాడు దూరము పోకుండెడివాడు. విమానము వచ్చి యీ నియమమును త్రెంచివైచినది. శుక్రవారము సాయంకాలము కచ్చేరి పని ముగించి, శని ఆదివారములు లండనులోనో సింగపూరులోనో గడపి, సోమవారము ప్రొద్దున మరల తన బల్లముందు కూర్చుండుట నేడు సాధ్యమైనది. సాధ్యమైన దెల్లను ఉచితమగునా యనునదియే మన ముందున్న ప్రశ్న.

విశాఖపట్టణమున నీ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము గలదు. ఈ నగరమున నౌకాదళమువారి డేగా విమానక్షేత్రమునుండియే ఏండ్ల తరబడి పౌరవిమానములు రాకపోకలు సాగించుచు వచ్చినవి. 2023 నవంబరులో థాయిలాండును, డిసెంబరులో మలేషియాయు భారతీయులకు వీసా లేకుండ ప్రవేశ మొసగెను. 2024 ఏప్రిలులో మన నగరమునుండి బ్యాంకాకునకును, కౌలాలంపూరునకును నేరుగా విమానములు ఆరంభమైనవి. ఇవి మూడు నాలుగు గంటల దూరములు. హైదరాబాదు చేరినచో లండనైనను, ఫ్రాంక్‌ఫర్టైనను ఒక్క రాత్రి ప్రయాణము. ఉత్తరాంధ్రమునకు వేరొక పెద్ద విమానాశ్రయము కావలెనని భోగాపురమున రెండువేల యెకరములకు పైబడిన భూమిలో 2019లో నొకమారు, 2023లో మఱియొకమారు శంకుస్థాపనలు జరిగినవి. దానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. మన్యపు కొండలలో కాలినడకన తిరిగి పోరాడిన వీరుని పేరు ఆకాశద్వారమునకు పెట్టుటలో మాకు విప్రతిపత్తి లేదు. ఆ ద్వారమును ఎవరు, ఎందులకు, ఎన్నిమార్లు వాడుకొందురో విచారించుట మాత్రము తగవు.

మేము విమానమునకు శత్రువులము కాము. 1932 అక్టోబరు 15వ తేదీని జే.ఆర్‌.డీ. తాతా కరాచీనుండి బొంబాయికి టపాసంచులతో చిన్న విమానము నడిపినపుడు దేశము గర్వించినది. 1948 జూనులో భారతీయ విమానము బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండను చేరినపుడు స్వతంత్ర దేశమునకు ఱెక్కలు మొలచినవని జనులు సంతసించిరి. నేడును సోంపేట, ఇచ్ఛాపురము ప్రాంతముల శ్రమజీవి గల్ఫు దేశములకు పోవలెనన్నను, రెండేండ్లకో మూడేండ్లకో ఆలుబిడ్డలను చూడ రావలెనన్నను విమానమే గతి. దూరదేశమున చదువుకొను బిడ్డకు, వైద్యమునకు పోవు రోగికి, మరణవార్త విని పరుగెత్తివచ్చు కుమారునకు అది వరమువంటిది. వీరెవ్వరిని గూర్చియు మేము వ్రాయుట లేదు. ఏ పనియు లేక, ఏ బంధువును లేక, కేవలము రెండునాళ్ళ మార్పుకొఱకు ఖండములు దాటి మరలి వచ్చుచు, దానిని నాగరికతకు గుర్తుగా చాటుకొను క్రొత్త వాడుకను గూర్చియే మా విచారణ.

మొదట ఈ యాత్ర వలన యాత్రికునకు దక్కు లాభమెంతో లెక్క చూతము. శుక్రవారము సాయంకాలము ఆరు గంటలకు విశాఖలో ఇల్లు విడిచినవానికి సోమవారము ఉదయము తొమ్మిదింటివఱకు అఱువదిమూడు గంటలు గలవు. గమ్యము లండ ననుకొందము. హైదరాబాదునకు గంటకు పైగా, అచ్చటి నిరీక్షణకు, తనిఖీలకు మూడు గంటలు, ఆకాశమున పది గంటలు, దిగినపిదప వరుసలలో నిలిచి నగరము చేరుటకు రెండు మూడు గంటలు. ఇల్లు విడిచి విమానమెక్కువఱకు పట్టు కాలమును కలుపుకొనిన ఒకవైపునకే పదునెనిమిది గంటలగును. రెండువైపుల కలిపి ముప్పదియాఱు. మిగిలినవి యిరువదియేడు. అందు రెండు రాత్రుల నిద్ర తీసివేసినచో పదుమూడు గంటలు నిలుచును. ఆ పదుమూడింటనైనను మనిషి మెలకువగా నుండునా? లండను గడియారము మనకంటె వేసవిలో నాలుగున్నర, చలికాలమున ఐదున్నర గంటలు వెనుకబడి యుండును. క్రొత్త కాలమునకు దేహము సర్దుకొనుటకు గంటకు సుమారు ఒక దినము వంతున పట్టునని వైద్యులు చెప్పుదురు. అనగా దేహ మచ్చటి కాలమును అందుకొనకముందే మనిషి తిరుగు విమాన మెక్కుచున్నాడు. దేహము విశాఖలోను, సంచి లండనులోను, మనస్సు సోమవారపు పనిలోను ఉన్న యాత్ర ఇది. విశ్రాంతికై పోయినవాడు పోకముందుకంటె నలిగి వచ్చుచున్నాడు.

మన యాత్రల చరిత్ర యిట్టిది కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో మరల ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. దారిలో ఏ యూరి నీరెట్టిది, ఏ సీమలో ధాన్యపు ధరయెంత, ఏ జనుల మాట తీరెట్టిది, సర్కారు నడవడి యెట్లున్నది, అన్నియు దినచర్యగా వ్రాసిపెట్టిరి. తిరుగుదారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలమీదుగనే వచ్చిరి. 1838లో అచ్చుపడిన ఆ కాశీయాత్రచరిత్ర నేటికిని మన దేశస్థితికి సాక్ష్యముగా నిలిచియున్నది. 1909లో గాంధీమహాత్ముడు లండనునుండి దక్షిణాఫ్రికాకు తిరిగి పోవుచు, ఓడపై పది దినములలో హింద్ స్వరాజ్ రచించెను. వేగమును గూర్చి అందు ఆయన తెలిపిన యభిప్రాయములన్నిటిని అంగీకరింపవలెనని మేము చెప్పము. ఓడపయనపు తీరిక యా గ్రంథమునకు తోడ్పడినదని మాత్రము చెప్పవచ్చును. ఇక గంజాము, విశాఖ, గోదావరి జిల్లాలనుండి రంగూనునకు సముద్రముమీద పోయిన వేలకొలది తెలుగు కూలీలు విలాసయాత్రికులు కారు. ధాన్యపు మరలలోను, రేవులోను ఎముకలు అరుగదీసికొని, ఏండ్లు నిలిచి, 1942లో జపానువారి దాడికి అడవులదారిని నడచివచ్చిరి. అయినను ఆ దేశపు మాట నేర్చి, వంట నేర్చి, కష్టసుఖములు తెలిసి వచ్చిరి. రెండు దినముల యాత్రికుడు తెచ్చునదేమి? చేతిఫోనునిండ బొమ్మలు, సంచినిండ విమానాశ్రయపు అంగడిలోని మిఠాయి.

ఇంతవఱకు అతని నష్టమే కదా, ఇతరుల కేమి యనవచ్చును. ఇచ్చటనే అసలు సంగతి యున్నది. హైదరాబాదునుండి లండనునకు పోయివచ్చుటకు సుమారు పదునైదువేల కిలోమీటర్లకు పైగా దూరము. విశాఖనుండి లెక్కించిన పదివేల మైళ్ళు దాటును. విమానపు ఇంధన మొక కిలో మండినచో మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. దూరమెక్కువైన కొలది మోయవలసిన ఇంధన మెక్కువ. ఆ యింధనమును మోయుటకే మరికొంత ఇంధనము మండవలెను. సామాన్యపు తరగతిలో నొక్కడు ఆ రాకపోకలు చేసినచో అతని వంతునకు వచ్చు వాయువు ఒక టన్నుకు మించును. ఎక్కువ చోటాక్రమించు పైతరగతి ఆసనమునకు దీనికి రెండు మూడింత లగును. సగటు భారతీయుని పేర ఏడాది పొడుగున, వంటకు, దీపమునకు, బండికి, కర్మాగారములకు కలిపి లెక్కకు వచ్చునది సుమారు రెండు టన్నులు. కావున ఒక్క వారాంతమునకే ఆ యాత్రికుడు తన సోదరుని ఆరు మాసముల వంతును మించి కాల్చివేయుచున్నాడు.

ఈ భారమును మోపువా రెందఱు? 2018వ సంవత్సరపు స్థితిని పరిశీలించి 2020లో ప్రకటింపబడిన యొక ప్రసిద్ధ పరిశోధన ప్రకారము, ఆ యేట విమానమెక్కినవారు ప్రపంచ జనములో నూటికి పదునొకండుగురు. పరదేశమునకు ఎగిరినవారు నూటికి నలుగురికి మించరు. ప్రయాణీకుల విమానముల వాయువులో సగము నూటికి ఒక్కడు చేసిన ప్రయాణముల వలననే కలిగినది. భూమి వేడెక్కుటలో విమానముల పాలు నూటికి మూడున్నర వఱకు గలదని శాస్త్రజ్ఞులు లెక్క గట్టిరి. ఇది స్వల్పమని కొంద ఱందురు. పంక్తిలో నొక్కడు నలుగురి విస్తళ్ళ భోజనము వడ్డించుకొనుచు, మొత్తము వంటలో నిది యెంతయని యడిగినట్లున్నది. విశాఖవాసులకు సముద్రపు కోపము క్రొత్త కాదు. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఇతర భవనములతోపాటు విమానాశ్రయపు పైకప్పును సైతము పెకలించివైచినది. ఒక్క తుపానును ఒక్క కారణమునకు అంటగట్టుట న్యాయము కాదు. కాని సముద్రము వేడెక్కిన కొలది తుపానులకు బలము హెచ్చునని శాస్త్రము చెప్పుచున్నది. ఆ బలమును ముందుగా చవిచూచువాడు విమానమెక్కినవాడు కాడు. పెదజాలారిపేట పడవవాడు, తాటియాకు పాకలోని కూలివాడు.

ఇప్పుడు ఆటోనగరువైపు చూతము. గాజువాక సమీపమున, ఉక్కు కర్మాగారమునకును రేవునకును ఊడిగము చేయు లారీలకు బాగుచేతలు జరుగు పేట యిది. లేతు యంత్రముల మోత, వెల్డింగు మెఱుపులు, ఇంజనులు విప్పిన నూనె నేల. అచ్చట పానా పట్టినవాని చేతిమీదుగా రోజును పోవు డీజిలుపై పన్నెంత? 2021 నాటికి మన రాష్ట్రమువారి అమ్మకపు పన్నే నూటికి 22.25, దానిపై లీటరునకు నాలుగు రూపాయల అదనపు పన్ను, మఱియొక రూపాయి రోడ్డు సుంకము, వీనికి తోడు కేంద్రమువారి ఎక్సైజు. ఆ పన్ను లారీ యజమానినుండి కిరాయికి, కిరాయినుండి బియ్యపు ధరకు దిగి, కడకు మెకానిక్కు ఇంటి గంజిలోనికి వచ్చి చేరుచున్నది. మఱి ఆకాశమున పోవు ఇంధనమునకో? 1944 డిసెంబరులో షికాగోలో దేశములు కూడి చేసికొన్న యొడంబడిక, పరదేశపు విమానము తనలో నుంచుకొని వచ్చిన ఇంధనముపై సుంకము వేయరాదనెను. ఆ పిదప దేశమునకు దేశమునకు జరిగిన ఒప్పందములు ఆ మినహాయింపును క్రొత్తగా నింపుకొను ఇంధనమునకును వ్యాపింపజేసెను. మనదేశమునను విదేశమునకు పోవు విమానములలో పోయు ఇంధనము ఎగుమతివలె భావింపబడి ఎక్సైజునుండి తప్పించుకొనుచున్నది. దేశములో తిరుగు విమానముల ఇంధనముపై గూడ మన రాష్ట్రమువారు 2015లో అమ్మకపు పన్నును 16నుండి 1కి దించిరి. టిక్కెట్టుపై కొంత పన్ను పడుట నిజమే. అయినను సరుకు మోయు లారీ డీజిలునకు నూటికి ఇరువదికి పైగాను, విలాసముగా విదేశమునకు ఎగురువాని ఇంధనమునకు సున్నయు నను లెక్క ఏ ధర్మశాస్త్రమునకు సరిపడును? లోకపు విమానములు పసికూనలుగా నున్ననాడు పుట్టిన ఉయ్యాలలో నేటి మహాగజము ఊగుచున్నది.

ధనమును గూర్చియు రెండు మాటలు. దాదాభాయి నౌరోజీ మహాశయుడు 1901లో ప్రచురించిన గ్రంథమున ఈ దేశపు సంపద యెట్లు సముద్రము దాటిపోవుచున్నదో లెక్కలతో నిరూపించెను. నాడు దానిని పరాయి ప్రభుత్వము తరలించుకొని పోయెను. నేడు మన యిష్టప్రకారము మనమే పంపుచున్నాము. రిజర్వు బ్యాంకువారి లెక్కల ప్రకారము 2023-24లో భారతవాసులు ఉదార విధానము క్రింద విదేశములకు పంపిన ధనము సుమారు 3,170 కోట్ల డాలర్లు. అందు ప్రయాణముల కొఱకే 1,700 కోట్లు. ఇందు పనిమీద పోయినవారును గలరు. అంతయు వారాంతపు విలాసమని మేము చెప్పము. కాని ముడిచమురులో నూటికి ఎనుబదిపాళ్ళకు మించి కొని తెచ్చుకొను దేశము, ఆ చమురును మరల మండించుకొని, పరదేశపు అంగళ్ళలో డాలర్లు వెదజల్లి వచ్చుటలో గౌరవ మేమున్నది? 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఈ తీరముననే ఓడల కర్మాగారమునకు పునాది వేయించినపుడు, 1948లో అచ్చట కట్టిన జలఉష సముద్రమున దిగినపుడు, ప్రయాణ సాధనము దేశపు స్వాతంత్ర్యమునకు అంగమని ఈ నగరము చాటినది. స్వాతంత్ర్య మనగా సాధనముండుట మాత్రమే కాదు; దాని నెట్లు వాడవలెనో తెలియుటయు.

ప్రతిపక్షులు చెప్పు మాటలు వినక తీర్పు చెప్పరాదు. నా సొమ్ము నా యిష్టమని యొకరందురు. సొమ్ము వారిదే, గాలి వారిది కాదు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఈ సీమ నినదించినపుడు ముప్పదిరెండుగురు ప్రాణము లర్పించిరి. ఆ హక్కు అందఱిది; ఒక్కని సంచిలో పట్టునది కాదు. పదుగురి గాలిని ఒకడు వాడుకొనుటను ఆ మాటతో పిలువరాదు. నేను పోకున్నను విమానము ఎగురునే యని మఱియొకరందురు. ఈ వారమున కది నిజము. కాని నిండిన ఆసనములను చూచియే కంపెనీలు వచ్చు ఋతువునకు విమానములను కూర్చును. ఖాళీ ఆసనములను చూచి తగ్గించును. ఐరోపా అమెరికాలవారు నూటేబది యేండ్లుగా పొగ విడిచి, నేడు మనకు నీతులు చెప్పుట యేమని మూడవ వాదము. ఈ వాదమున బలమున్నది. ఆ దేశముల బాధ్యత మనకంటె చాల హెచ్చు. ఆ సంగతి మేమును నొక్కి చెప్పుదుము. అయితే ఆ వాదమునకు హక్కుదారు పొయ్యిలో పిడకలు పెట్టుకొను పల్లెటూరి ఇల్లాలు. ఆమె తగ్గు లెక్కను అడ్డము పెట్టుకొని, ఆమె చాటున నిలిచి లండనునకు ఎగురువాని కా హక్కు లేదు.

ఇక ఈ వాడుకకు మూల మెక్కడ? డబ్బు పొగరు మాత్రమే యనుట తొందరపాటు. సెలవు లేమియే పెద్ద కారణము. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఇరువది దినముల పనికి ఒక దినము వంతున జీతముతో సెలవు విధించినది. 2020లో చేసిన క్రొత్త స్మృతియు ఆ లెక్కనే నిలిపినది. అనగా ముక్కాలు శతాబ్దమున యంత్రముల వేగము నూరింతలైనను మనుష్యుని తీరిక పెరుగలేదు. కంపెనీ యుద్యోగికి ఆ కొద్ది సెలవును ఒక్కమారు పదిదినములుగా నిచ్చుటకు పై యధికారికి మనసొప్పదు. కావున అతడు దానిని ముక్కలుచేసి, శని ఆదివారములకు అతికించుకొని, పదిదినముల దాహమును రెండు దినములలో తీర్చుకొన జూచుచున్నాడు. ఆటోనగరులో ఐదుగురాఱుగురు పనిచేయు చిన్న పట్టరలకైతే ఫ్యాక్టరీల చట్టమే వర్తింపలేదు. అచ్చటి పనివాడు మానిన దినమున కూలి లేదు. ఒకనికి సెలవు లేక ఖండములు దాటుచున్నాడు. మఱియొకనికి సెలవు లేక అరకు కొండనైనను చూడకున్నాడు. రోగ మొక్కటే, బయటపడిన తీరులు వేఱు.

కావున మేము సూచించునవి మూడు. మొదటిది, కంపెనీలును, ప్రభుత్వ శాఖలును ఏడాదికొకమారు పదునైదు దినములు ఎడతెగని సెలవు హక్కుగా నియ్యవలెను. అప్పుడు లండను చూడ గోరినవాడు నిశ్చింతగా పోయి, పదునైదు దినములుండి, ఆ దేశమును నిజముగా చూచి వచ్చును. ఒక్కమారు చూచినవాడు నాలుగుమార్లు పరుగెత్తడు. రెండవది, ప్రయాణముల సంఖ్యను బట్టి పెరుగు సుంకము. ఏడాదిలో మొదటి విదేశ ప్రయాణమునకు ఏమియు వలదు. గల్ఫు కూలివానికి బాధ లేదు. రెండవదానికి కొంత, మూడవదానికి మిక్కిలి, ఆపై మఱింత. ఫ్రాన్సు దేశము 2006లో విమాన టిక్కెట్లపై సుంకము వేసి, ఆ సొమ్మును బీదదేశముల రోగుల మందులకు వినియోగించినది. 2023లో రెండున్నర గంటలలో రైలుమీద చేరగల ఊళ్ళకు విమానములను నిషేధించినది. అచ్చటి ఆకాశము కూలిపోలేదు. విదేశపు ఇంధనముపై మినహాయింపును తొలగించుటకు అంతర్జాతీయ సభలలో భారతదేశము నోరు విప్పవలెను. మూడవది, దగ్గఱి దారులను బాగుచేయుట. కొత్తవలస కిరండోలు రైలుమార్గము ఇనుపరాతిని జపానునకు పంపుటకై వేసినది. 2017నుండి అద్దాల పెట్టె కట్టి ఆ దారినే అరకునకు యాత్రికులను తీసికొనిపోవుచున్నారు. బొఱ్ఱా గుహలు, భీమునిపట్టణపు డచ్చివారి సమాధులు, శాలిహుండము, ముఖలింగము, ఇవన్నియు రెండు దినములకు సరిపడు దూరములు. వీనికి పోవు బండ్లలో నిలుచుటకు చోటుండదు. దిగినచోట శుభ్రమైన సత్రముండదు. ఈ లోపమును తీర్చక, వారాంతమున విదేశములకు పోవువానినే నిందించుట సగము న్యాయము.

కాలమును మించిన దూరము పోవలదన్నది కట్టడి కాదు, యాత్రకు మర్యాద. రెండు దినములున్నవానికి అరకు గలదు. వారమున్నవానికి కాశి గలదు. మాసమున్నవానికి లోకమెల్ల గలదు. ఈ నగరములో పఠనాలయమునకు వచ్చి పత్రిక చదువు యువకులు తమలో తాము ఈ విషయమును చర్చింపవలెను. ఉద్యోగసంఘములు తమ కోర్కెల పట్టికలో ఎడతెగని సెలవును చేర్చవలెను. శాసనసభ్యులు డీజిలు పన్నును, విమాన ఇంధనపు పన్నును ప్రక్కప్రక్కన వ్రాసి సభలో చదువవలెను. ఆ రెండంకెలను ఒకేచోట చూచినపుడు ఆటోనగరు పనివానికి జరుగుచున్న దేమో వేఱుగ వివరింప నక్కఱ లేదు.